ఎడమ కాలి సంగతి

సికింద్రాబాద్, మంగళవారం

అమ్మకి, ఒంట్లో బాగానే ఉంది. కాళ్లే ఒకచోట నిలవడం లేదు, ఈ కార్డు కూడా నిలబడే రాస్తున్నాను.

నా కొలతలకి స్టీలు సైకిలు చేయించుకున్నాను. బొల్లారంలో అది చేసిన మౌలాలిగారు నన్ను గోడకి ఆనించి నిలబెట్టి, దర్జీలా టేపు పట్టి కొలుస్తూ ఆగిపోయారు. "ఎడమ కాలు జెర పొట్టిగున్నదమ్మా. ఇన్నేండ్లు ఎవ్వరు చెప్పలేదా?" అన్నారు. నువ్వు నా లంగాలన్నిటికీ ఎడమవైపు ఒక మడత ఎక్కువ వేయించి దాచిందంతా ఒక్క నిమిషంలో బయటపడింది. సిగ్గుతో చచ్చాను. ఆయన మాత్రం ఎడమ పెడల్ మీద అరంగుళం దిమ్మ బిగించి, "ఇగ తొక్కు" అన్నారు. రోజూ పొద్దున్నే బొల్లారం దాకా తొక్కి వస్తున్నాను. నడుం నొప్పి పోయింది. ఆఫీసులో కుర్చీ మీద కూర్చోబుద్ధే కావడం లేదు.

చింతకాయ పచ్చడి పంపు. గ్రైండర్ బాగుచేయించావా? వచ్చే నెల పెళ్లిచూపులకి ఆ మడత లంగా వద్దు. వచ్చేవాళ్లకి కాలి సంగతి ముందే చెప్పు. నాన్నకి నమస్కారాలు.

నువ్వు చెప్పవని తెలుసు. అందుకే ఫోన్ చేయలేదు, కవర్లోనూ పెట్టలేదు. మన వీధి పోస్ట్‌మాన్ ఈపాటికి చదివేసే ఉంటాడు.

శ్రీలలిత