మేడ మీది పాట

అక్కా,

నవ్వకు. ఈ వయసులో మళ్లీ పెళ్లి చేసుకుంటున్నాను. అప్పట్లో మన ఎదురింట్లో అద్దెకుండే అబ్బాయి గుర్తున్నాడా? ప్యాంటు పొడవు తగ్గించమని నా కుట్టు షాపుకే వచ్చాడు. ఆయనకీ భార్య పోయింది. ఇన్నేళ్లూ నన్నే తలుచుకున్నాడని తెగ మురిసిపోయాను.

నిన్న అన్నాడు: “మేడ మీద బట్టలు ఆరేస్తూ పాడేదానివి. ఆ గొంతుకే పడిపోయాను. ఇప్పుడు పాడవేం?”

నేను నోరు విప్పితే కాకులు కూడా ఎగిరిపోతాయని ఏడిపించేదానివి కదా. దుప్పట్ల వెనక పాడింది నువ్వు. ఆయన కోసం పిట్టగోడ దగ్గరికి వచ్చి నిలబడింది నేను.

గొంతు పోయిందని చెప్పాను.

శుక్రవారం రిజిస్ట్రారాఫీసుకి తప్పకుండా రా. నా తరఫున నువ్వు కాక ఇంకెవరున్నారు? ఎప్పుడూ ఏదో కూనిరాగం తీస్తూనే ఉంటావు. ఆయన ముందు మాత్రం పాడకు అక్కా.

నీ చెల్లి