ఆదివారం స్టార్ట్ కాని కారు

కిష్టారెడ్డిపేట,
శుక్రవారం

ప్రియమైన ఫర్హీన్‌కు,

ఫోన్ చెయ్యకుండా కాగితం ఎందుకు పట్టానంటే, ఫోన్‌లో చెబితే నువ్వు మధ్యలో నవ్వుతావు. సంగారెడ్డి బడిలో ఒకే బెంచీ మీద కూర్చున్నప్పటి నుంచి నీకా జబ్బు ఉంది. ఇది నవ్వే సంగతి కాదు, నా సంసారం సంగతి.

మా కారు నీకు తెలుసు కదా. రాకేష్ తొమ్మిదేళ్లు పటాన్‌చెరు కంపెనీ బస్సు కిటికీలోంచి అందరి కార్లూ చూసి చూసి, చివరికి సెకండ్ హ్యాండ్‌లో కొనుక్కున్నాడు. కొన్నాక కూడా బస్సులోనే పోతాడు. కారు నెలకు రెండుసార్లు కదిలితే గొప్ప. అయినా ఆదివారం దాన్ని ఎంత ముద్దుగా తుడుస్తాడో! నా పెళ్లిచీరను నేను కూడా అంత జాగ్రత్తగా మడత పెట్టలేదు. సరే, కారు మీద నాకేం కోపం లేదు. నా కోపమంతా చంద్రిక మీద.

చంద్రిక మా బిల్డింగులోనే రెండో అంతస్తులో ఒక్కతే ఉంటుంది. రోజూ తనే కారు నడుపుకుంటూ హైదరాబాద్ ఆఫీసుకు పోయివస్తుంది. మొన్న వేసవిలో మా కారు నలభై రోజులు కదలకుండా ఉండేసరికి బ్యాటరీ దిగిపోయింది. రాకేష్ తల గోక్కుంటూ నిలబడితే ఈవిడ దిగొచ్చింది. తన కారు పక్కన పెట్టి, డిక్కీలోంచి ఎర్రదీ నల్లదీ రెండు వైర్లు తీసి, ఆ బ్యాటరీకీ ఈ బ్యాటరీకీ తగిలించి, "రాకేషన్నా, ఇప్పుడు కొట్టు స్టార్ట్" అంది. కారు లేచింది. మా ఆయన ముఖం చూడాలి నువ్వు! అన్నా అంటుంది కదా, నీకేం బాధ అంటావేమో. ఆ 'అన్నా'ను ఎంత పొడుగ్గా లాగుతుందో నువ్వు వినలేదు.

ఆ రోజు సాయంత్రమే కారు తాళాన్ని పడకగది అల్మారాలోంచి తీసి వంటింటి కిటికీ మేకుకు తగిలించాను. తాళమంటే తిప్పేది కాదు, నల్లటి చిన్న డబ్బీ. అది జేబులో ఉంటే చాలు, బటన్ నొక్కితే బండి స్టార్టవుతుంది. మాది కింది పోర్షను, కిటికీ అవతల చెయ్యి చాపితే అందేంత దగ్గర్లో కారు. ఎవరు తాళం తీసినా, ఎవరు కారు దగ్గరికి పోయినా నా కంట పడకుండా పోలేరు.

అయినా ఏమైందో తెలుసా? అప్పటి నుంచి బ్యాటరీ వారానికోసారి దిగిపోతోంది. కొత్త బ్యాటరీ వేయించినా అంతే. మెకానిక్ చూసి, "అంత మంచిగనే ఉన్నది, బండి నడపకుంటే గిట్లనే అయితది" అన్నాడు. ఏ ఆదివారం బయటికి పోదామన్నా కారు లేవదు, రాకేష్ పైకి చూస్తాడు, చంద్రిక వైర్లతో దిగుతుంది. ఇద్దరూ బానెట్ మీదికి వంగి మాట్లాడుకుంటుంటే నేను చీర కట్టుకుని, బ్యాగు భుజాన వేసుకుని, పెళ్లికొచ్చిన చుట్టంలా నిలబడాలి. కడుపు మండిపోతుంది ఫర్హీన్. నిజం రాస్తున్నాను, ఆమె చేతులకు ఆ వైర్ల కరెంటు తగిలితే బాగుండునని కూడా అనుకున్నాను.

తాళం నా ముందే ఉంటే బ్యాటరీ ఎలా దిగుతుంది? ఈయన దగ్గర ఇంకో తాళం ఉండాలి. నేను చూడనప్పుడు లోపల లైటు వేసి వస్తున్నాడు, ఆమెను పిలవడానికి వంక కావాలి కదా. అడిగితే, "కొన్ననాడు ఒక్కటే ఇచ్చిండ్రు రవళీ" అంటాడు. నేను నమ్మలేదు. నిన్న తేల్చి చెప్పాను, "కారన్న అమ్ము, నన్నన్న మా అమ్మగారింటికి పంపు" అని. "అమ్ముత తియ్" అన్నాడు. తప్పు లేనివాడైతే అంత తేలిగ్గా ఒప్పుకుంటాడా? ఆదివారం కొండాపూర్ నుంచి దశరథ్ అనే ఆయన కారు చూడటానికి వస్తున్నాడు. పీడ విరగడవుతుంది.

నవ్వకుండా చదివావనుకుంటూ,
నీ రవళి


కిష్టారెడ్డిపేట,
బుధవారం

నా ఫర్హీన్‌కు,

నీ జవాబు రాకముందే మళ్లీ రాస్తున్నాను. ఈసారి నవ్వినా ఏమీ అనను.

ఆదివారం దశరథ్ వచ్చాడు. కారు మామూలుగానే లేవలేదు. రాకేష్ ఈసారి పైకి చూడలేదు, మెకానిక్‌కు ఫోన్ చేస్తున్నాడు. అంతలో కూరగాయల సంచితో గేట్లోకి వచ్చిన చంద్రిక, సంగతి చూసి తనే వైర్లు తెచ్చింది. బండి లేచింది, రాకేష్ అలవాటుగా తాళం మళ్లీ మేకుకు తగిలించాడు. "తాళమేది రాకేషన్నా?" అని అడిగితే ఆయన కిటికీ వైపు చెయ్యి చూపించాడు. ఆమె కిటికీ దగ్గరికి వచ్చి ఆగిపోయింది.

"ఏంది వదినా, ఇది ఎప్పుడూ గిక్కడ్నే ఉంటదా?"

లోపలి నుంచి అవునన్నాను.

"అయ్యో, గందుకే! ఇది ఇంత దగ్గరుంటే ఓనర్ వచ్చిండని కారు అనుకుంటది. అది నిద్రపోదు, దీన్నే ఎతుక్కుంట దినమంత మేల్కొని ఉంటది. బ్యాటరీ దిగక ఏం జేస్తది? మా ఆఫీసుల ఒకాయనకు గిట్లనే అయింది. జెర దూరం పెట్టున్రి, అంతే."

రాకేష్ నా వైపు తిరిగాడు. "గిక్కడెందుకు పెట్టినవ్ రవళీ?"

మర్చిపోకుండా ఉంటుందని పెట్టానంటే సరిపోయేది. కానీ ఇన్ని వారాలూ ఆయన్ను ఆమె దగ్గరికి పంపింది నేనేనని అప్పుడే అర్థమైంది నాకు. ఆ సిగ్గులో అబద్ధం నోటికి రాలేదు. "నువ్వు తాళం తీస్తే నాకు తెల్వాలని. ఈమె కోసమే బ్యాటరీ దించుతున్నవనుకున్న" అనేశాను, ముగ్గురి ముందూ.

దశరథ్ వంగి టైర్లు చూడటం మొదలుపెట్టాడు. చంద్రిక వైర్లు చుట్టుకుంది, నా వైపు చూడలేదు. "నేను పోతున్న" అని మెట్లెక్కింది. ఈసారి ఎవరినీ అన్నా అనలేదు, వదినా అనలేదు.

నేను బయటికి పరుగెత్తాను. "ఇగ అమ్ముడెందుకు? కారు బాగైంది గదా" అన్నాను. "కారు బాగైంది" అన్నాడు రాకేష్. దశరథ్ చెప్పిన ధరకే ఒప్పుకుని, తాళం తీసి ఆయన చేతిలో పెట్టాడు. కారు గేటు దాటి మలుపు తిరిగేదాకా చూసి, లోపలికొచ్చి చేతులు కడుక్కున్నాడు.

తిడితే బాగుండేది. ఈ నాలుగు రోజుల్లో ఒక్క మాట కూడా గట్టిగా అనలేదు. టైముకు బస్సెక్కుతున్నాడు, టైముకు వస్తున్నాడు, పెట్టింది తింటున్నాడు. చంద్రిక దగ్గరికి వెళ్లి తప్పయిందని చెప్పాను. "సరే అండీ" అని తలుపేసుకుంది.

నిన్న సాయంత్రం గుమ్మం ముందు కుర్చీలు వేసుకుని ఇద్దరం చాయ్ తాగుతున్నాం. గేటు బయట చంద్రిక కారు హారన్ కొట్టింది. రాకేష్ లేచి నిలబడ్డాడు. కోపం లేదు, వెటకారం అసలే లేదు. తెలియనివాడు అడిగినట్టు నిజంగానే అడిగాడు.

"ఆమె వస్తున్నది. నేను లోపలికి పోవాల్నా?"

కూర్చో అనాలని నోరు తెరిచాను. అంతలోనే కప్పు పట్టుకుని లోపలికి వెళ్లిపోయాడు. నేను కోరుకున్నది ఇదే కదా ఫర్హీన్.

ఇంకెవరికీ చెప్పుకోలేక నీకే రాసుకునే,
రవళి