చుక్క లేని ఐ

వాన్,
నవంబర్ 2023.

అమ్మకి నమస్కారాలు.

నేను బాగున్నాను. నా గదిలో ఉండే అమృత కూడా కులాసాగానే ఉంది. నువ్వు పంపిన కందిపొడి ఇద్దరం పోటీపడి తింటున్నాం. నీ మోకాలి నొప్పి తగ్గిందనీ, మన టైపు ఇన్‌స్టిట్యూట్‌లో సాయంత్రం బ్యాచి నిండిందనీ తలుస్తాను.

ముందు నీ ప్రశ్నలకు జవాబులు. అవును, చలికి మేజోళ్ళు రెండేసి జతలు వేసుకుంటున్నాను. లేదు, బస్సులో నిద్రపోయి దిగాల్సిన స్టాపు దాటిపోవడం లేదు, ఒక్కసారి తప్ప. కాలేజీ బాగానే నడుస్తోంది. ఇక, "నువ్వు ఆఫీసులో టైపు చేస్తున్నావా, గోడౌన్‌లో పెట్టెలు మోస్తున్నావా? దక్షిణామూర్తి మావయ్యతో ఎవరో అన్నారట" అని అడిగావు. రెండూ నిజమే. ఫోన్‌లో చెబితే సగంలోనే ఏడుస్తావు. అందుకే రాస్తున్నాను.

నేను చేరింది ఇక్కడికి టర్కీ నుంచి టైల్స్ తెప్పించి అమ్మే కంపెనీలో. కింద గోడౌన్, పైన చిన్న ఆఫీసు. అక్కౌంట్స్ చూసే నెర్మిన్ గారని ఒక టర్కీ పెద్దావిడ ఉన్నారు. ఆవిడ మధ్యాహ్నం రెండింటికి ఇంటికి వెళ్ళిపోతారు. అప్పట్నుంచి ఆ బల్ల, ఆ కంప్యూటర్ నావి. కీబోర్డు మాత్రం టర్కీది.

మొదటి రోజు నువ్వు నేర్పినట్టే వేళ్ళు ఆనించి కూర్చున్నాను. ఎ, ఎస్, డి, ఎఫ్ వాటి చోట్లలోనే ఉన్నాయి. కుడి చేతి చిటికెన వేలి కింద మాత్రం సెమీకోలన్ బదులు తోక ఉన్న ఎస్ ఉంది. ఐ నొక్కితే చుక్క లేని ఐ పడుతుంది. చుక్క ఉన్న ఐ ఏమో చిటికెన వేలికి అవతల ఉంది. ఫుల్‌స్టాప్ కొడితే తోక ఉన్న సి. ఇవేవీ నేను చూడనేలేదమ్మా. కాగితం మీద నుంచి చూపు తిప్పకుండా కొట్టడం నువ్వు చేసిన అలవాటు కదా. అలాగే కొట్టి ఒక కస్టమరుకు మెయిల్ పంపేశాను. ఇది ఏ భాష అని అతను తిరిగి రాశాడు.

మేనేజరు సంజయ్ మన తెలుగువాళ్ళబ్బాయే, ఇక్కడ పుట్టాడు. అందరి ముందూ, "మృదులా, రెజ్యుమేలో టైపింగ్ హయ్యర్, ఫస్ట్ క్లాస్ అని రాశావు. సీరియస్లీ?" అని నవ్వాడు. మర్నాటి నుంచి నన్ను గోడౌన్‌కు పంపాడు. పెట్టెలు దించడం, లేబుళ్ళు అంటించడం. ఆ పని నాకు చిన్నతనం అనిపించలేదు. ఆ నవ్వే భరించలేకపోయాను. నన్ను చూసి నవ్వితే నవ్వనీ, ఆ ఫస్ట్ క్లాస్ నీ చేతి చదువు.

లంచ్ టైములో పైకి వెళ్ళి, "మీ కీబోర్డు మీద కాసేపు ప్రాక్టీస్ చేసుకోనా?" అని నెర్మిన్ గారిని అడిగాను.

"ఎందుకమ్మాయీ? సెట్టింగ్స్‌లో ఇంగ్లిష్ పెట్టుకుంటే అయిపోతుందిగా" అన్నారావిడ.

"అప్పుడు మీ ఫ్యాక్టరీల పేర్లు, మనుషుల పేర్లు తప్పు పడతాయి కదండీ?"

"పడతాయి. ఇక్కడ అదెవరూ పట్టించుకోరు. చుక్క ఉన్నా లేకపోయినా ఐ ఐయే అంటారు. మాకవి రెండు వేరే అక్షరాలు."

"నేను పట్టించుకుంటాను" అన్నాను. కల, కళ అని రాసి చూపించి, రెంటికీ అర్థం చెప్పాను. ఇంగ్లిష్ వాళ్ళకు రెండూ ఒకటే ఎల్ అన్నాను. ఆవిడ నవ్వేసి, కుర్చీలోంచి లేచి నన్ను కూర్చోబెట్టారు.

రోజూ లంచ్‌లో చేతుల మీద తువ్వాలు కప్పుకుని కొట్టాను. వేళ్ళు ఎదురు తిరిగాయి. ఇక్కడ అలవాటు పడేసరికి ఇంట్లో నా లాప్‌టాప్ మీద తప్పులు మొదలయ్యాయి. కాలేజీ అసైన్‌మెంట్‌లో ఐ ఉండాల్సిన చోటల్లా అపాస్ట్రఫీలు! "ఎందుకే ఈ పంతం? స్టోర్‌లో క్యాషియర్‌గా అప్లై చెయ్, హాయిగా ఉంటుంది" అంది అమృత. రెండు కీబోర్డులకూ రెండు జతల వేళ్ళున్నాయనుకుని మళ్ళీ మొదలుపెట్టాను.

పోయిన వారం నేనే సంజయ్ దగ్గరికి వెళ్ళి, "నాకు టెస్ట్ పెట్టండి" అన్నాను.

"ఇట్స్ ఓకే, కింద బాగానే చేస్తున్నావుగా."

"కిందా చేస్తాను. పైనా చేస్తాను. అందరి ముందూ నవ్వారు, అందరి ముందే పెట్టండి."

అతని మొహం ఎర్రబడింది. నెర్మిన్ గారు అప్పటికే కాగితం పట్టుకుని నిలబడ్డారు. సగం ఇంగ్లిష్, సగం టర్కీ పేర్లు. ఆవిడ చదువుతుంటే కిటికీలోంచి కనిపించే లారీలను చూస్తూ కొట్టాను. చివరి పేరయ్యాక సంజయ్ తెర దగ్గరికి వంగి చూసి, "సోమవారం నుంచి పైకి వచ్చేయ్. ఆ రోజు నేనలా అనాల్సింది కాదు" అన్నాడు. ఒక్క తప్పు ఉంది. నెర్మిన్ గారు చూసీ చూడనట్టు ఊరుకున్నారు, నేనే చెప్పి దిద్దాను.

ఇప్పుడు అసలు సంగతి. ఇంతసేపు దాచాను.

మొన్న మావయ్య నాకే ఫోన్ చేశాడు. "అక్కడ పెట్టెలు మోస్తున్నావట. పరువుపోయే పని. మాఘంలో ముహూర్తం చూశాను, సంబంధం కుదిరినట్టే, టికెట్ తీసుకుని వచ్చేయ్" అన్నాడు. కుదిరినట్టే అట! ఆ పెళ్ళికొడుకు గొంతు కూడా నేను వినలేదు.

"నేను రాను మావయ్యా. చదువు పూర్తి చేస్తాను, ఉద్యోగం చేస్తాను. పెళ్ళి నాకు నచ్చినప్పుడు చేసుకుంటాను. పెళ్ళివాళ్ళకు ఆ మాట మీరు చెప్తారా, నన్ను చెప్పమంటారా?" అన్నాను. నిన్ను అడక్కుండానే అన్నానమ్మా. అడిగితే నువ్వు "కాస్త ఆగు" అంటావని తెలుసు.

మావయ్య ఫోన్ పెట్టేశాడు. నాన్న పోయాక మనింట్లో ఆయన మాటకు ఎవరూ ఎదురు చెప్పలేదు. నువ్వూ చెప్పలేదు. ఈపాటికి నీ దగ్గరికి వచ్చే ఉంటాడు, రాకపోతే రేపో ఎల్లుండో వస్తాడు. అప్పుడు "చిన్నపిల్ల, తెలియక అంది" అని నా తరఫున క్షమాపణ చెప్పకు. నేను తెలిసే అన్నాను. కాఫీ ఇవ్వు, కూర్చోబెట్టు, అరిస్తే అరవనీ. ఆయన అరవడం ఆపాక, "మృదుల ఏం చెప్పిందో నేనూ అదే చెప్తున్నాను అన్నయ్యా" అను. నీ గొంతు వణికినా ఫరవాలేదు, ఆ మాట పూర్తి చెయ్యి.

ఇట్లు,
నీ మొండి కూతురు,
మృదుల.