బీకర్లు కడిగిన మనిషి

శ్రీవారికి,

ఈ ఉత్తరం మీ చేతికి అందేసరికి కంపెనీవాళ్ల ముందు మీ బ్యాటరీ కప్పలా ఉబ్బిపోయి ఉంటుంది. కారణం కోసం తల బద్దలు కొట్టుకోకండి, నేనే చెబుతాను.

బ్యాటరీలో కారిపోయే ద్రవానికి బదులు పాలిమర్ జెల్ పెట్టాలన్నది మీ సరదా. ఆ జెల్‌లో లిథియం నత్తనడక నడుస్తుంటే గ్రాఫీన్ కలుపుదామన్నది నేను. ఉత్త గ్రాఫీన్ అయితే కరెంటు లోపల్లోపలే దాటేసి అంతా వేడెక్కిపోతుందని, దానికి ఆక్సిజన్ తగిలించి దారికి తెచ్చిందీ నేనే. మొన్నటి సభలో అదంతా మీ ఘనకార్యంగా చెప్పుకున్నారు. చివర్లో నా వైపు చెయ్యి చూపించి, "మా ఆవిడ కూడా సాయం చేసిందండోయ్, బీకర్లు కడిగిపెట్టింది!" అన్నారు. హాలంతా నవ్వింది. నేనూ నవ్వాను. ఇంటికొచ్చి స్నానాలగదిలో కుళాయి తిప్పి ఏడ్చాను.

అందుకే పుట్టింటికి వచ్చేముందు మీ డబ్బాలోని ఆ గ్రాఫీన్ పొడిని ఓవెన్‌లో మాడ్చాను. తగిలించిన ఆక్సిజన్ ఎగిరిపోయి, గోధుమరంగు పొడి నల్లబడింది. దానితోనే జెల్ పొర పోసి, పైన మీ పేరు రాసి పెట్టాను. మంచి పొర నా పెట్టెలో, గాలి చొరకుండా భద్రంగా ఉంది. మీ పరువు గంగలో కలిశాక దాన్ని అదే కంపెనీకి నా పేరుతో పట్టుకెళతాను. అక్కడ మీరు ఆశపడ్డ ఉద్యోగం నాకొస్తుంది. మీ మీద జాలి వేస్తుందేమోనని చూశాను. వేయలేదు.

మీ ఇల్లాలు

*

నా శ్రీమతికి,

ఉత్తరం అందింది. అచ్చం నువ్వన్నట్టే ఉబ్బింది. పొగ కూడా వచ్చింది. కంపెనీ పెద్దాయన దగ్గుతూ బయటికి పరిగెత్తాడు.

"గోధుమరంగులో ఉంటే పనికొస్తుంది, నల్లబడిందా, పారెయ్యండి" అని పెళ్లయిన కొత్తలో నాకు నేర్పింది నువ్వే కదా. పొరను వెలుతురులో పెట్టగానే నీ పని అర్థమైంది. పారేయొచ్చు. పారేయలేదు. దాని మీద నా పేరు చెరిపి నీ పేరు రాశాను.

పరీక్ష మొదలుకాకముందే మైకు తీసుకుని, "పోయినసారి నేను పొరపాటు చెప్పానండీ. ఈ జెల్, ఇందులోని గ్రాఫీన్, మొత్తం మా ఆవిడ కష్టమే" అన్నాను. అందరూ లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. నువ్వుంటే సంతోషంతో ఏడ్చేదానివి.

పొగ తగ్గాక వాళ్లు నీ పేరు అక్షరం అక్షరం అడిగి రాసుకున్నారు. మిగతా కంపెనీలకీ చెబుతారట. ఇక నీ పెట్టెలో ఉన్న పొర పట్టుకుని ఎక్కడికి వెళ్లినా, నిన్ను కూర్చోమనేలోపే కిటికీలు తెరుస్తారు.

పెద్దాయన వెళ్తూ వెళ్తూ, "ఇంతకీ ఇందులో మీరేం చేశారు?" అని అడిగాడు.

"బీకర్లు కడిగానండీ, అంతే" అన్నాను.

ఈసారి ఎవరూ నవ్వలేదు.

నీ భర్త