నాలుగో గుంత జరిపిన సంగతి

నాచారం,
1964 ఫిబ్రవరి 11.

అచ్యుతరావు గారికి నమస్కారం.

ఫ్యాక్టరీ కట్టబోయే స్థలంలో నాలుగో పరీక్ష గుంతను మీరు నక్షాలో గుర్తు పెట్టినచోట కాక, పదడుగులు తూర్పుగా ఎందుకు తవ్వించానని సంజాయిషీ అడిగారు. బండ అడ్డొచ్చిందని మొదట రాశాను. అది అబద్ధం.

మూడో గుంతలో ఏనాటిదో పాతకుండ దొరికింది కదా. అందులో పసిబిడ్డ ఎముకలు, చేతికి తొడిగే చిన్న శంఖపు గాజు ఉన్నాయి. కూలికొచ్చే శాంతాబాయి పార పక్కన పెట్టేసి చేతులతోనే మట్టి తీసింది. "ఏ తల్లి పండవెట్టి పోయిందో సారూ, జర మెల్లగ తియ్యాలె" అంది.

మూడేళ్ల కిందట మా పాప తొమ్మిది నెలలకే జ్వరంతో పోయింది. అంత పసిబిడ్డల్ని కాల్చరు కదా. కాకినాడ నుంచి బదిలీ మీద ఇక్కడికి వచ్చి అప్పటికి నెల కాలేదు, ఎవరిని అడగాలో తెలియలేదు. ఖాళీ పొలమనుకుని పాపను పూడ్చిపెట్టాను. గుర్తుగా రాయైనా పెట్టలేదు. మీ నక్షాలో నాలుగో గుంత సరిగ్గా అక్కడే పడింది.

రోజూ ఇల్లు చేరగానే నా భార్య ఒకటే అడుగుతుంది: "ఎంతదాకా వచ్చారు?"

అక్కడ తవ్వక తప్పదంటే తవ్వించండి. ఆ రోజు నన్ను మాత్రం ఉప్పల్ ఆఫీసుకు పిలిపించుకుని, పని శాంతాబాయికి ఇవ్వండి. మెల్లగా తియ్యమని ఆమెకు ఎవరూ చెప్పనక్కర్లేదు.