గడప తీసిన వాకిలి

ఎమ్మిగనూరు,
ఆదివారం పొద్దున

చి. సుధమ్మకు మీ నాయన మద్దయ్య దీవించి రాసేది. ఈడ నేనూ మీయమ్మా బాగుండాం, నువ్వు ఆ బెంగుళూరులో బాగుండాలని కోరుతాండాం. మొదటి మాట అట్లే రాయాల కాబట్టి రాసినాను. ఎంత బాగుండామో కింద రాస్తా.

నీ జాబు బుధవారం అందినాది. ఫోన్ చేసినప్పుడల్లా ‘బాగుండాం’ అని పెట్టేస్తాండానని కోపమొచ్చి రాసినావు. నర్సువైనాక జాబులో కూడా నంబర్లేసి అడుగుతాండావు, బాగుంది. వరసగానే చెప్తా.

ఒకటి, మీయమ్మ తింటాంది. పొద్దున రెండు ఇడ్లీ, మధ్యాహ్నం జొన్నరొట్టె సగం. రెండు, గంట చూసి పక్క తిప్పమన్నావు, తిప్పుతాండా. వీపున పుండ్లు లేవు. పక్కింటి లక్ష్మప్ప మగ్గం చప్పుడుకు నిద్ర పట్టదేమో అన్నావు. ఆ చప్పుడు ఆగితేనే లేస్తాంది. మూడోది, మళ్లీ ఎప్పుడు నడుస్తాదని. డాక్టరు నడవదనలేదు, నడుస్తాదనీ అనలేదు. ఎక్స్‌రే చూస్తా మాట్లాడినాడు. నేనూ ఇంకేం అడగలేదు.

నాలుగో ప్రశ్న కింద రెండు గీతలు కొట్టినావు. బస్టాండులో జారి తొంటి విరిగింది సరే, ఆపరేషను బాగైంది సరే, నాలుగో రోజు వాకరు పట్టుకొని నడిచే మనిషి అదే తొంటి మీద మళ్లీ ఎట్ల పడిందని. తల తిరిగిందని నీకు చెప్పినాను. ఆ పూట బీపీ కాగితంలో సరిగ్గానే ఉండాదే నాయనా, అని రాసినావు. దీనికి ముందు కొంచెం చెప్పాల, ఓపిగ్గా చదువు.

మీయమ్మకు ఆపరేషను చేసిన ఆ ఆస్పత్రి ముందు ఆదోనిలో రామలింగయ్య శెట్టి పత్తి గోడౌను. దాన్నే మార్చి కట్టి డాక్టర్లకు బాడుగకిచ్చినాడు. మేస్త్రీ పని నాదేనని నీకు తెలుసు. ప్లాను గీసింది రాణి అని కర్నూలు ఇంజనీరమ్మ, నీ ఈడుదే. ప్రతిదానికీ ఒక కారణం చెప్పేది. కిటికీలు మంచమంత కిందికి ఉండాల, పండుకున్నోళ్లకు ఆకాశం కనపడాల అనేది. గోడ పొడుగునా పట్టుకొని నడిచేదానికి కడ్డీ పెట్టించింది. అన్నీ నచ్చినాయి నాకు. ఒక్కటి నచ్చలేదు. ఇరవై రెండు వాకిండ్లుంటే ఒక్కదానికీ గడప లేదు.

“మేస్త్రీ, నేల ఒకే మట్టంగా ఉండాల. గడపలొద్దు” అని రెండుసార్లు చెప్పింది. నేను తలూపినాను. ముప్పై ఏండ్లలో గడప లేకుండా నేను నిలబెట్టింది పశువుల కొట్టాలే. మనుషులు బాగు కావాలని వచ్చే ఇల్లు గదా, చిన్నపిల్ల, తెలీక గీసిందిలే అనుకున్నా. ఆయమ్మ కర్నూలుకు పోయిన వారంలో నల్లరాయి తెచ్చి, రెండు వేళ్ల ఎత్తున అన్ని వాకిండ్లకూ గడప పెట్టినాను. పసుపు పూసి బొట్లు పెట్టినాను. అంచు ఎవరికీ గుచ్చుకోకూడదని చేత్తో గుండ్రంగా అరగదీసినాను. మంచి చేస్తాండాననే అనుకున్నా, సుధా.

రాణమ్మ వచ్చి చూసి, చెప్పు మొనతో గడపను తట్టి, “ఎవరు పెట్టమన్నారు?” అనింది. శెట్టి పెట్టమన్నాడని చెప్పినాను. ఆయప్పకు అసలు తెలీదు. ప్రారంభం దగ్గరపడింది, ఇప్పుడు తీస్తే టైల్సు పగులుతాయని అట్లే వదిలేసినారు.

మీయమ్మకు తల తిరగలేదమ్మా. బాత్రూముకు పోతాంటే నేను పక్కనే ఉండాను. వాకరు ముందుకాలు గడపకు తగిలింది. నేను చెయ్యి చాపేలోగా పడిపోయింది. స్ట్రెచరు మీద తీసుకపోతాంటే ప్రతి వాకిట్లో చక్రం ఎగిరేది, మీయమ్మ మూలిగేది. నాలుగు వాకిండ్లు. నాలుగూ నేను పెట్టినవే. నాకు ఏడుపు రాలేదు. భయం కూడా కాలేదు. కింద క్యాంటీనులో అన్నం పెడితే అంతా తిన్నాను. ఇప్పటికీ అట్లే ఉండాది, ఈ ఒళ్లు ఇంకెవరిదో అయినట్టు.

పోయిన వారం శెట్టిని అడిగి, సుత్తీ ఉలీ తీసుకపోయి గడపలన్నీ తీసినాను. రాణమ్మ కూడా వచ్చి, రసమట్టం పెట్టి ఒక్కో వాకిట్లో నేల సమంగా ఉండాదా అని చూసింది. “శెట్టి కాదమ్మా, నేనే పెట్టినా” అన్నాను. “తెలుసు మేస్త్రీ, ఆయన ఆ రోజే చెప్పినాడు” అనింది. తిట్టింటే బాగుండు.

మీయమ్మకూ తెలుసు. ఆ రాళ్లు అరగదీసేటప్పుడు క్యారియరు తెచ్చి నా పక్కనే కూర్చునింది.

గురువారం మనింటి గడప కూడా తీసేసినాను, చక్రాల కుర్చీ పోయేదానికి. మీ అవ్వ నాటి రాయి, తొందరగా రాలేదు. మీయమ్మ కుర్చీలో కూర్చొని చూస్తా ఉండి, “రేపు శుక్రవారం. పసుపు యాడ పూసేది?” అనింది. కోపంగా కాదు, నిజంగానే అడిగింది. నేను సిమెంటు కలుపుకుంటా కూర్చున్నా. మరుసటి రోజు పసుపు గిన్నె దేవుని గూట్లోనే ఉండిపోయింది.

ఈ జాబు రాసేదానికి మూడు రోజులు పట్టింది. నన్ను ఏమనాలనుకుంటే అది అను. ఫోన్లో అన్నా సరే, ఈసారి పెట్టేయను. లీవు దొరికితే రా. వచ్చినప్పుడు వాకిట్లో అలవాటుకొద్దీ కాలెత్తుతావు. నేను రోజూ ఎత్తి తూలుతాండా. ఎత్తొద్దమ్మా, ఆడ ఇప్పుడేమీ లేదు.

ఇట్లు,
నీకు అబద్ధం చెప్పిన మీ నాయన,
మద్దయ్య