అమ్మ పొదిగిన గుడ్డు

మే 12, సోమవారం
మా నాచారం అపార్ట్‌మెంట్ అమ్మల గ్రూపులో నోరు జారాను. పిల్లలంతా ‘నీలిగుట్ట డ్రాగన్లు’ పుస్తకం చదివేశారు, ఇప్పుడు దాని వెబ్‌సైట్ కావాలంటున్నారు. ముందు పెద్దవాళ్లెవరైనా పరిశీలించాలి అన్నాను. ఇంకేం, ఆ ఎవరైనా నేనే అయ్యాను. ఆదివారానికి తీర్పు చెప్పాలి.

తీర్మానం: చూడాలి. ఆడకూడదు. అంతే!

పుస్తకం చివరి పేజీలో గీకితే కనబడే కోడ్ ఉంది. ఒక్క కోడ్‌కు ఒక్క గుడ్డు. మా హరిచందన గట్టిగా చెప్పింది: “అమ్మా, కోడ్ ముట్టకు. గుడ్డు నేనే పొదుగుత. పేరు గూడ అనుకున్న, వెన్నెల.” ముట్టనని తన నెత్తి మీద చెయ్యి పెట్టి ఒట్టేశాను.

మే 13, మంగళవారం
చందన ఉప్పల్‌లో మా చెల్లెలు ప్రవీణ ఇంటికి వెళ్లింది. ఆదివారం వస్తుంది. ట్యాబ్‌లో వెబ్‌సైట్ ప్రశాంతంగా చూశాను. ప్రకటనలు లేవు. ముక్కూమొహం తెలియనివాళ్లతో కబుర్లు లేవు. శభాష్.

గుడ్ల గది మాత్రం కోడ్ లేనిదే తెరుచుకోదట. హూఁ.

మే 14, బుధవారం
వంటగది చూడకుండా ఇల్లు అద్దెకు తీసుకుంటామా? గది చూడకుండా తీర్పెలా చెప్పను? పిన్నీసుతో గీకాను. చూసి వచ్చేద్దామనే. నిజం!

గుడ్డు నీలంగా ఉంది. వేలితో నిమిరితే వణికింది. పాపం, చలేమో.

మే 15, గురువారం
నిమరకపోతే చల్లబడిపోతుందట. ప్రాణం కదా, ఎలా వదిలేస్తాం? ఆఫీసు నుంచి వస్తూ మెట్రోలో నిమురుతూనే ఉన్నాను. హబ్సిగూడలో దిగాల్సినదాన్ని, తలెత్తేసరికి నాగోల్! ఇదీ పరిశీలనలో భాగమే. పిల్లలు దారి తప్పే ప్రమాదం ఉందని రాసుకున్నాను.

మే 16, శుక్రవారం
గుడ్డు పగలడం లేదు. “బంగారూ, రా నాన్నా” అని బతిమాలుతుంటే అత్తమ్మ లింగమ్మ గారు విన్నారు. అద్దాలు పెట్టుకుని వచ్చి కూర్చున్నారు. పెళ్లయిన కొత్తలో తనకూ పిల్లలు కాలేదని, కీసరగుట్టకు మొక్కుకుంటేనే మా ఆయన పుట్టాడని చెప్పి, “రామలింగేశ్వరునికి మొక్కుకో. గుట్టెక్కుతమని జెప్పు” అన్నారు.

మొక్కుకున్నాను. ఎవరికీ చెప్పకు డైరీ.

మే 17, శనివారం
పుట్టాడు!! బుజ్జి రెక్కలు, తుమ్మితే నిప్పురవ్వలు. ఇద్దరం ఏడ్చేశాం.

వెబ్‌సైట్ పేరు పెట్టమంది. అత్తమ్మ తడుముకోకుండా చెప్పారు: “మొక్కుకు పుట్టినోనికి ఆ దేవుని పేరే వెట్టాలె. మీ ఆయనకు వెట్టక, ఏడాదంత దవాఖానా సుట్టు తిరిగినం.”

టైప్ చేశాను. రామలింగం. అత్తమ్మ ఉప్పు, ఎండుమిరపకాయలతో ట్యాబ్‌కు దిష్టి తీశారు. ఇల్లంతా దగ్గు.

దగ్గు తగ్గాక చదివాను, పేరు మార్చడం కుదరదట. అప్పుడు గుర్తొచ్చింది. వెన్నెల.

మే 18, ఆదివారం
చందన వచ్చి బ్యాగ్ కూడా దించకుండా ట్యాబ్ తెరిచింది.

“రామలింగం ఎవరమ్మా?”

అత్తమ్మకు ఉన్నట్టుండి తులసికి నీళ్లు పోయాలని గుర్తొచ్చింది. నేను దొరికిపోయాను. పరిశీలన అనబోయి ఆగాను. తప్పయింది తల్లీ అన్నాను. అరిచి ఉంటే బాగుండేది. కళ్ల నిండా నీళ్లతో, “ముట్టనన్నవ్ గదమ్మా” అంది. సిగ్గుతో చచ్చిపోయాను.

చాలాసేపటికి రామలింగం తుమ్మాడు. చందన పెదవి కొంచెం కదిలింది. నా ఫోన్ తీసుకుని గ్రూపులో తీర్పు తనే పెట్టింది: “ఈ వెబ్‌సైట్ పిల్లలకు మంచిదే. మా అమ్మకే మంచిది కాదు.”

మే 19, సోమవారం
హబ్సిగూడలో ఆ పుస్తకమే ఇంకొకటి కొన్నాను. కొత్త కోడ్! గురువారం చందన తన పుట్టినరోజున గీకి వెన్నెలను పొదుగుతుందట. అప్పటిదాకా నాకు దొరక్కుండా నానమ్మ సందూకలో పెట్టి తాళం వేయించింది. తాళంచెవి అత్తమ్మ కొంగుకు ఉంది.

కొత్త తీర్మానం: ముట్టను. ఈసారి ప్రాణం పోయినా ముట్టను.

సాయంత్రం అత్తమ్మ నా పక్కకు జరిగి, చందన బయట ఆడుకుంటోందని చూసుకుని, మెల్లగా అడిగారు.

“సరితా, రామలింగానికి జర చెల్లెగిట్ల ఉంటే మంచిగుంటది గదా?”

నా కళ్లు ఆమె కొంగున ఉన్న తాళంచెవి మీదికి పోయాయి.